కట్ట మీది కబుర్లు: చేపల వేటపై మీ ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో సగం బాస్ గురించే ఉన్నాయి. ఆఫీసులో ఉండే బాస్ కాదు, అమెరికా చెరువుల్లో ఉండే చేప. ఫోన్లో వీడియోలు చూసి రాడ్లు కొన్నవాళ్లు, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తున్నవాళ్లు, హోటల్లో తిన్నవాళ్లు అందరూ రాశారు. నేను బాలానగర్‌లో 31 ఏళ్లు లేత్ మిషన్ మీద టర్నర్‌గా పనిచేసినవాణ్ని. మా మేనమామ చేతిలోని వెదురు గెడ నుంచి, మా పెద్దోడు టెక్సాస్ నుంచి పంపిన రీలు దాకా అన్నింటితో చెరువు గట్టున కూర్చున్నాను. చేతికి తెలిసిందే రాస్తాను.

*

అంకుల్, నేను కూకట్‌పల్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడాదిగా బాస్ ఫిషింగ్ వీడియోలు చూసి చూసి, ఆరు వేలు పెట్టి బెయిట్‌కాస్టర్ రీలు, ఏడడుగుల రాడ్ కొన్నాను. మొదటిరోజే దారమంతా రీల్లో పిచ్చుక గూడులా చుట్టుకుంది. అసలు మన చెరువుల్లో బాస్ ఉందా? నా డబ్బులు దండగేనా?

లేదు బాబూ, మన చెరువుల్లో బాస్ లేదు. అది ఉత్తర అమెరికా మంచినీటి చేప. కానీ మీ ఆరు వేలు ఎటూ పోలేదు. మనకు కొర్రమీను ఉంది, తెలంగాణ రాష్ట్ర చేప. బాస్‌కూ దీనికీ చుట్టరికం లేదు గానీ వేటాడే తీరు ఒకటే. రెండూ తుంగలోనో తామరాకుల కిందో మాటు వేసి, దగ్గరికొచ్చిన కప్పనో పరిగెనో ఒక్క దూకులో మింగేస్తాయి. అందుకే బాస్ కోసం అమెరికాలో చేసిన రబ్బరు కప్ప మన గుర్రపుడెక్క మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ఒక్క తేడా ఉంది, అది మీకు లాభం. కొర్రమీను మొప్పల మీదే బతకలేదు. నీళ్లు ఎంత బాగున్నా కాసేపటికోసారి పైకొచ్చి గాలి మింగి పోవాల్సిందే. కాబట్టి చెరువు దగ్గరికి వెళ్లగానే రాడ్ విప్పకండి. పావుగంట కట్ట మీద కూర్చోండి. తుంగ అంచున 'గుబుక్' మని చప్పుడొచ్చి, చిన్న సుడి తిరిగి, రెండు మూడు బుడగలు తేలితే అక్కడ చేప ఉన్నట్టు. అది మళ్లీ చాలావరకు ఆ చుట్టుపక్కలే తేలుతుంది. అమెరికా వాళ్లు పడవకు యంత్రాలు కట్టుకుని నీటి అడుగున చేపల్ని వెతుక్కుంటారు. మనకు ఈ చప్పుడు ఊరికే దొరుకుతోంది.

ఇక రీలు సంగతి. మీరు విసిరినప్పుడు కప్ప మెల్లబడింది, దారం చుట్టి ఉండే స్పూల్ మాత్రం అదే వేగంతో తిరిగింది. బయటికి పోలేని దారం లోపలే ఉబ్బి ముడిపడింది. ఇది రీలు లోపం కాదు, సెట్టింగ్ లోపం, కొంత మీ బొటనవేలి లోపం. హ్యాండిల్ పక్కన చిన్న గుండ్రటి నాబ్ ఉంటుంది చూడండి. దారం కొసకు కప్పను కట్టి, రాడ్ కొనను తల ఎత్తున పట్టుకుని, బొటనవేలితో బటన్ నొక్కి వదలండి. కప్ప నేలమీద ధబీమని పడకూడదు. నెమ్మదిగా దిగాలి. నేలను తాకగానే స్పూల్ కూడా ఆగాలి. అప్పటిదాకా నాబ్ బిగిస్తూ పోండి. కప్ప మార్చిన ప్రతిసారీ, బరువు మారుతుంది కాబట్టి, మళ్లీ చూసుకోవాలి. రెండోవైపు బ్రేక్ డయల్ ఉంటుంది. మొదటి నెల దాన్ని పెద్ద అంకెల మీదే ఉంచండి. దూరం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

బొటనవేలికి పాఠం ఇంటి డాబా మీద చెప్పాలి. గాలం తీసేసి, 15 గ్రాముల సీసం కట్టి, బకెట్ పెట్టుకుని విసరండి. సీసం బకెట్ దగ్గరికి చేరే క్షణాన వేలు స్పూల్‌ను తాకాలి. నొక్కొద్దు, పసిపిల్ల చెంప మీద పెట్టినట్టు పెట్టాలి. ఇంకో కిటుకు ఉంది. మీరు విసరగలిగిన దానికన్నా అయిదారు గజాలు ఎక్కువ దారం లాగి, స్పూల్ మీద మిగిలిన దారానికి ఒక చుట్టు టేపు అంటించి, మళ్లీ చుట్టేయండి. ఎంత పెద్ద చిక్కు పడ్డా టేపు కిందికి దిగదు.

ఈ టేపు సంగతి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక ఆదివారం మిగిలేది. మా పెద్దోడు పంపిన రీలుతో శామీర్‌పేట వైపు ఒక ఊరి చెరువుకు వెళ్లాను. మొదటి విసురుకే సగం స్పూల్ చిక్కుపడింది. వేపచెట్టు కింద కూర్చుని గుండుసూదితో ఒక్కో పోగూ లాగుతుంటే, గొర్రెలు కాసే పిల్లవాడు పక్కనే గొంతుక్కూచుని గంటసేపు చూశాడు. చివరికి, "తాతా, స్వెటర్ అల్లుతున్నవా?" అన్నాడు. వాడి చేతిలో సీసాకు చుట్టిన తీగ, ఒక గాలం, రెండు ఎర్రలు. పక్కన తుమ్మ కంపకు గుచ్చి మూడు జిలేబీ చేపలు.

చివరగా ఒక మాట. మన దుకాణాల్లో దొరికే కొర్రమీను కప్పల్లో చాలా వరకు అయిదు నుంచి ఎనిమిది గ్రాములవే. అంత తేలికవాటిని బెయిట్‌కాస్టర్‌తో విసరడం అనుభవం ఉన్నవాడికే కష్టం. 12 నుంచి 15 గ్రాముల కప్ప కొనుక్కోండి. లేదంటే ఆ చిన్నవాటి కోసం మామూలు స్పిన్నింగ్ రీలు వాడండి. అందులో నామోషీ ఏమీ లేదు.

*

నమస్తే అండీ. పెళ్లిరోజున మావారు హోటల్‌కు తీసుకెళ్తే మెనూలో 'సీ బాస్' అని ఉంటే తిన్నాం. చాలా బాగుంది. మీరు రాసే బాస్ ఇదేనా? – దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక గృహిణి

కాదమ్మా. మన హోటళ్లలో సీ బాస్ అంటే చాలావరకు మన పండుగప్పే. సముద్రంలోనూ ఉప్పుటేర్లలోనూ పెరుగుతుంది, కోస్తాలో చెరువుల్లో పెంచుతారు కూడా. అమెరికా బాస్ మంచినీటి చేప, వేరే కుటుంబం. పండుగప్పను రామ్‌నగర్ చేపల మార్కెట్‌లో అడిగి చూడండి. పెళ్లిరోజు బిల్లుతో పోలిస్తే నవ్వొస్తుంది. ముక్క మందంగా కోయించి, చింతపండు పులుసు పలచగా కాకుండా చూసుకోండి. అంతకన్నా చెబితే మా ఆవిడ కాలమ్‌లో నేను వేలు పెట్టినట్టవుతుంది.

*

సార్, మేమిద్దరం ఏప్రిల్‌లో డాలస్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం, అయిదు నెలలు ఉంటాం. నాకు చిన్నప్పటినుంచి గాలం పిచ్చి. అక్కడ బాస్ పట్టాలని ఉంది. లైసెన్స్ కావాలంటున్నారు. ఏం తీసుకెళ్లాలి, ఎక్కడికి వెళ్లాలి? కారు నడపడం రాదు, అబ్బాయికి శని, ఆదివారాలే తీరిక. – వనస్థలిపురం

మంచి నెలలో వెళ్తున్నారు. ఉత్తర టెక్సాస్‌లో నీళ్లు వేడెక్కుతూ 16 నుంచి 20 డిగ్రీల మధ్యకు వచ్చే వసంతంలో బాస్ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తుంది. మీరు దిగేసరికి కొన్ని ఇంకా ఒడ్డునే ఉంటాయి. పడవ లేనివాడికి ఇంతకన్నా మంచి సమయం లేదు. జూలై, ఆగస్టుల్లో ఎండ మన మే నెలలా ఉంటుంది. అప్పుడు తెల్లవారకముందు ఒక గంట, పొద్దుగూకాక ఒక గంట, అంతే. కాబట్టి జెట్‌లాగ్ తగ్గగానే మొదలుపెట్టండి. నిజానికి జెట్‌లాగ్ మీకు మేలే చేస్తుంది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది.

లైసెన్స్ తప్పనిసరి. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లందరికీ కావాలి. బయటివాళ్లకు ఒక్కరోజు లైసెన్సూ ఉంది, ఏడాదిదీ ఉంది. నెలకు నాలుగుసార్లు వెళ్లేట్టయితే ఏడాదిదే నయం. మీ అబ్బాయి ఫోన్లోనే కొనొచ్చు. అయితే ఒక వెసులుబాటు ఉంది. అక్కడి స్టేట్ పార్కుల్లో ఒడ్డు మీదినుంచో, చెక్క వంతెన మీదినుంచో గాలం వేస్తే లైసెన్స్ అక్కర్లేదు, పార్కులోకి పోయే టికెట్ కొంటే చాలు. డాలస్‌కు దగ్గరలో సీడర్ హిల్ స్టేట్ పార్క్ ఉంది, జో పూల్ చెరువు ఒడ్డున. ఉత్తరాన రే రాబర్ట్స్ ఉంది. నేను మొదటి రెండుసార్లు సీడర్ హిల్‌కే వెళ్లాను. కోడలు పులిహోర కట్టింది, మనవడు వల పట్టుకున్నాడు, చేప మాత్రం పడలేదు.

కొలత టేపు జేబులో ఉండాలి. మామూలు చెరువుల్లో 14 అంగుళాలకు తక్కువున్న బాస్‌ను ఉంచుకోకూడదు, రోజుకు అయిదుకు మించకూడదు. కొన్ని చెరువులకు సొంత నియమాలుంటాయి. డాలస్‌కు తూర్పున గంటన్నర దూరంలో లేక్ ఫోర్క్ అనే పేరుమోసిన చెరువు ఉంది. అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్నవాటిని వెంటనే వదిలేయాలి. అంటే మనం ఇంటికి తీసుకుపోదామని మురిసిపోయే సైజంతా వదిలేయాల్సిందే. టెక్సాస్ రాష్ట్ర రికార్డు బాస్, 18 పౌండ్ల పైచిలుకు, 1992 జనవరిలో ఆ చెరువులోనే పడింది. పెద్ద చేపల్ని వదిలారు కాబట్టే పెద్ద చేపలున్నాయి. ఒక శనివారం అబ్బాయిని ఒప్పించి, అక్కడ పడవతో సహా వచ్చే గైడ్‌ను మాట్లాడుకోండి. ఖర్చు బాగానే అవుతుంది, అబ్బాయి ఇస్తాడు. ఇన్నాళ్లూ వాడికి ఫీజులు కట్టలేదా!

సామాను ఇక్కడినుంచి మోయకండి. అక్కడ సూపర్‌మార్కెట్‌లో కూడా దొరుకుతుంది, ఇక్కడికన్నా మంచిది. మీకు అలవాటైన రీలు తీసుకెళ్లాలనుంటే సరే, గాలాలు మాత్రం చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. చేతి సంచిలో పెడితే శంషాబాద్‌లోనే ఆపి తీయిస్తారు.

ఏం కట్టాలంటే, టెక్సాస్ రిగ్. పేరులోనే ఊరుంది. తూటా ఆకారపు చిన్న సీసం దారం మీద జారుతూ ఉంటుంది. దాని కింద మెడ వంచిన గాలం, ఆ గాలానికి ప్లాస్టిక్ పురుగు. గాలం మొనను మళ్లీ పురుగు ఒంట్లోకే గుచ్చి దాస్తారు, అందుకే గడ్డికి, కంపకు తగులుకోదు. చేప కొరికి మనం లాగినప్పుడే మొన బయటికొస్తుంది. ఈ మెత్తటి ప్లాస్టిక్ పురుగును 1949లో ఒహాయోలోని ఏక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన తయారుచేశాడు. తర్వాత ఆ కంపెనీ టెక్సాస్‌లోని టైలర్‌కు చేరింది. ఆయనా మెషిన్ షాపు మనిషే. అందుకే నాకు కాస్త అభిమానం. విసిరాక పురుగు అడుగుకు దిగేదాకా దారాన్ని కంటితో చూస్తూ ఉండండి. దారం ఉన్నట్టుండి పక్కకు నడిచినా, దిగాల్సిన లోతుకు ముందే వదులైనా, చేప నోట్లో ఉన్నట్టే. చేతికి తెలిసేలోపు కంటికి తెలుస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో అక్కడ గాలివానలు, సుడిగాలులు ఉంటాయి. ఫోన్లో హెచ్చరిక మోగితే మారు మాట్లాడకుండా దగ్గర్లోని గట్టి భవనంలోకి పోండి. ఒడ్డున గడ్డిలో కాలు పెట్టేముందు కర్రతో కొట్టి చూడండి. నీళ్ల దగ్గర ఉండే విషపు పాము ఒకటి అక్కడ ఉంది.

*

అన్నా, ఓయూ హాస్టల్లో ఉంటాను. నా దగ్గర రెండున్నర వేలే ఉన్నాయి. కొర్రమీనుకు ఏం కొనాలి?

తమ్ముడూ, రాడ్ మీద తగ్గించుకో, దారం మీద తగ్గించుకోకు. ఏడడుగుల మీడియం హెవీ స్పిన్నింగ్ రాడ్ ఫైబర్‌దైనా పర్లేదు. బరువుంటుంది గానీ విరగదు. 3000 సైజు రీలు చాలు. దారం 30 పౌండ్ల బరువు ఓర్చే బ్రెయిడ్, అంటే అల్లిక దారం వేసుకో. అది సాగదు కాబట్టి గుర్రపుడెక్కలో చేప తల ఇటు తిప్పగలవు. నైలాన్ తీగైతే రబ్బరులా సాగి, చేప వేళ్లలోకి దూరిపోతుంది. రెండు కప్పలు కొను. ఒకటి పోతుంది, అది ఖాయం.

దారం కొనేటప్పుడు జాగ్రత్త. నగరంలో ఒక దుకాణంలో నాకు పేరున్న కంపెనీ డబ్బాలో నకిలీ దారం అంటగట్టారు. 40 పౌండ్లన్నది చేతికి గుడ్డ చుట్టుకుని లాగితే పుటుక్కున తెగింది. అప్పటినుంచి కొనేముందు రెండు గజాలు లాగి చూపించమంటాను. చూపించనన్నచోట కొనను. ఇంకో సంగతి. బ్రెయిడ్‌ను నేరుగా స్పూల్‌కు కడితే పట్టు దొరక్క మొత్తం చుట్ట గిర్రున జారుతుంది. అడుగున పది చుట్లు నైలాన్ తీగ వేసి, దానికి బ్రెయిడ్ ముడేయి. కప్పను కట్టడానికి పాలోమర్ ముడి నేర్చుకో. దారాన్ని మడిచి గాలం కన్నులోంచి దూర్చి, మామూలు ముడి వేసి, వచ్చిన ఉచ్చులోంచి కప్ప మొత్తాన్ని దాటించి, ఉమ్మితో తడిపి బిగించడమే. తడపకుండా బిగిస్తే ఆ రాపిడి వేడికే దారం నీరసపడుతుంది.

*

కప్పను కొర్రమీను కొడుతోంది, నీళ్లు ఎగురుతున్నాయి, నేను లాగితే కప్ప ఒక్కటే వచ్చి మొహానికి తగులుతోంది. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఇంతే. టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి. – బోడుప్పల్

మీరు చప్పుడుకు లాగుతున్నారు. బరువుకు లాగాలి.

కొర్రమీను కప్పను కొట్టినప్పుడు ముందు నీటిని పగలగొడుతుంది. ఆ క్షణాన కప్ప దాని నోట్లో ఉందో, నోటి పక్కన ఉందో దానికే తెలియదు. మీరు అప్పుడే రాడ్ ఎత్తితే గుంజుకున్నట్టే. చప్పుడు కాగానే రాడ్ కొనను నీటివైపు దించండి. వదులు దారం చుట్టుకోండి. దారం బిగుసుకుని, అవతల ఎవరో తడిబట్ట పట్టుకున్నట్టు బరువు తెలిసినప్పుడు, అప్పుడు నడుము నుంచి లాగండి. మా మేనమామ ఈ వ్యవధికి ఒక లెక్క చెప్పేవాడు: "ఎల్లయ్యా, మల్లయ్యా అనుకో, అప్పుడు గుంజు." నేను ఇప్పటికీ మనసులో అనుకుంటాను. బాస్‌కూ ఇదే లెక్క సరిపోయింది.

కప్పను కూడా ఒకసారి చూసుకోండి. కొత్త కప్పల రబ్బరు కొన్నిసార్లు మరీ గట్టిగా ఉంటుంది. వేళ్లతో నొక్కితే గాలాల మొనలు వెంటనే బయటపడాలి. పడకపోతే వేడినీళ్లలో రెండు నిమిషాలు ముంచి మెత్తబరచండి. రెండు గాలాలనూ కటింగ్ ప్లయర్‌తో ఒక్క వెంట్రుకవాసి బయటికి వంచండి. అంతకు మించి వంచితే గడ్డి పట్టుకుంటుంది. మొన గోరు మీద పెట్టి జరిపితే జారకూడదు, గీరుకోవాలి. జారిందంటే ఆకురాయి పట్టండి. 31 ఏళ్లు టూలు మొనలు సానపెట్టినవాడి మాట ఇది. చేప తప్పించుకుపోయిందని చెప్పే కథల్లో సగం మొద్దు మొనల కథలే. కప్ప పొట్టలోకి నీళ్లు చేరుతుంటాయి, నాలుగు విసుర్లకోసారి పిండేయండి.

ఒకసారి తప్పితే వెంటనే మళ్లీ విసరొద్దు. నిమిషం ఆగి, చప్పుడైన చోటికి రెండడుగులు అవతల వేసి, అక్కడిదాకా నడిపించి, కదపకుండా వదిలేయండి. కదలని కప్పను చూస్తే ఆ చేపకు ఒళ్లు మండుతుంది.

*

చెరువులో ఎర్రటి చిన్న చేపపిల్లలు గుంపుగా, వాన చినుకులు పడ్డట్టు పైకి లేస్తున్నాయి. కింద పెద్ద కొర్రమీను ఉంటుందని, కప్ప వేస్తే గ్యారంటీగా పడుతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా? – ఘట్‌కేసర్

నిజమే. పడుతుంది. కాబట్టే వేయకండి. ఆ కింద ఉన్నవి తల్లీ తండ్రీ. అది ఆకలితో కొట్టదు, పిల్లల మీదికి ఏదో వచ్చిందని కొడుతుంది. దాన్ని మీరు ఒడ్డుకు లాగిన కాసేపట్లోనే జిలేబీలు, పరిగెలు వచ్చి ఆ ఎర్రగుంపును సగం తినేస్తాయి. బాస్ కూడా అంతే, మగచేప గూడు కాపలా కాస్తుంది. నేను చిన్నప్పుడు ఒకసారి పట్టాను. మేనమామ చెంప మీద కొట్టి, చేపను నీళ్లలో వేయించాడు. ఆయన కొట్టింది ఆ ఒక్కసారే.

*

నాకు చేవెళ్ల దగ్గర నాలుగెకరాల తోట, అందులో నీటికుంట ఉన్నాయి. అమెరికా నుంచి వచ్చే బావమరిదితో బాస్ పిల్లల్ని తెప్పించి వేసుకుంటే ఎలా ఉంటుంది? ఫాంహౌస్‌కు వచ్చేవాళ్లు సరదాగా పట్టుకుంటారు కదా.

వద్దండి. మొదటిది, ప్రభుత్వ అనుమతి లేకుండా బతికున్న చేపల్ని విదేశాలనుంచి తేవడం నేరం, బావమరిది ఎయిర్‌పోర్టులో ఇరుక్కుంటాడు. రెండోది, మీ కుంట మత్తడి దుంకితే ఆ నీళ్లు ఎటు పోతాయి? కింది చెరువుకు. అక్కడినుంచి వాగుకు. చేవెళ్ల వైపు వాగుల్లో చాలా నీళ్లు చివరికి గండిపేటలోనో హిమాయత్‌సాగర్‌లోనో కలుస్తాయి.

జపాన్ వాళ్లు 1925లో సరదాకే ఆషీ అనే చెరువులో బాస్‌ను వదిలారు. అది దేశమంతా పాకి, బీవా అనే వాళ్ల అతిపెద్ద సరస్సులో స్థానిక చేపల్ని తినేస్తోంది. 2005 నుంచి బతికున్న బాస్‌ను పెంచినా, తరలించినా, వదిలినా అక్కడ నేరమే. బీవాలోనైతే గాలానికి పడ్డ బాస్‌ను తిరిగి నీళ్లలో వదలడం కూడా నిషేధం. తమాషా ఏంటంటే, 1932లో అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెర్రీ అనే ఆయన పట్టిన పది కిలోల బాస్ రికార్డును 2009లో సమం చేసింది ఆ బీవా చేపే. పట్టినాయన జపాన్ వాడు, మనాబు కురిటా. చేపకు ఊరు నచ్చింది, ఊరికే చేప నచ్చలేదు.

అంత దూరమెందుకు, మనకు ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అనుభవం ఉంది కదా. నిషేధించినా దొంగతనంగా పెంచుతూనే ఉన్నారు, పోలీసులు లారీలకొద్దీ పట్టుకుంటూనే ఉన్నారు. మీ కుంటలో కొర్రమీను వేయండి. చుట్టూ మూరెడు ఎత్తు వల కట్టండి, లేకపోతే వానరాత్రి గడ్డి మీద పాక్కుంటూ పక్కవాడి కుంటకు పోతాయి.

*

మావారు ప్రతి ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లేచి చేపలకు పోతారు. ఫ్రిజ్‌లో పెరుగు పక్కన డబ్బాలో ఎర్రలు పెడుతున్నారు. మీరైనా చెప్పండి. – మల్కాజిగిరి

అమ్మా, ఆయన పక్షాన నేను మాట్లాడలేను. నేనూ పెట్టాను, డబ్బా కిటికీలోంచి బయటికి పోయింది. అయ్యా, ఇది మీకు: కుండపెంకులో తడిమట్టి, ఎండుటాకులు వేసి, తడిగోనె కప్పి, బాత్రూం వెనక నీడన పెట్టండి. వారం బతుకుతాయి. జిలేబీకీ రోహుకూ అయితే గోధుమపిండి ముద్దలో కాస్త తవుడు, చిటికెడు పసుపు కలిపితే చాలు, ఎర్రలే అక్కర్లేదు.

*

గాలం వేలికి దిగి, మొన లోపలే ఉండిపోయింది. ప్లయర్‌తో పీకేశాను, కండ లేచొచ్చింది. ఇంకోసారి ఏం చేయాలి? – ఫతేనగర్

గాలం మొన పక్కన ముల్లు ఉంటుంది, వెనక్కి లాగితే కండ చీల్చేది అదే. కంటి దగ్గరో, కీలు దగ్గరో, లోతుగానో దిగితే దారం కోసేసి, గాలాన్ని అలాగే ఉంచి ఆసుపత్రికి పోండి, ఇంకేమీ చేయొద్దు. పైపైన దిగితే కూడా డాక్టరు దగ్గరే మంచిది, టీటీ ఇంజెక్షన్ ఎలాగూ వేయించుకోవాలి. అసలు ఆ ముల్లును ముందే ప్లయర్‌తో నొక్కి చదును చేసుకోండి. దారం వదులు కానివ్వకపోతే చేపలేమీ పోవు. నేను అయిదేళ్లుగా అలాగే చేస్తున్నాను, మనవడు వెనక నిలబడినప్పుడు నాకు గుండె దడ తగ్గింది.

*

వచ్చే ఆదివారం ఇద్దరు పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ చుట్టుపక్కల చేపలు పట్టడానికి వెళ్లాలనుంది. ఎక్కడికి వెళ్లమంటారు? మంజీరా బాగుంటుందని విన్నాను. – మియాపూర్

మంజీరా, సింగూరు వైపు నీళ్లు బాగుంటాయి. కానీ అక్కడ అభయారణ్యం ఉంది, మొసళ్లున్నాయి. అభయారణ్యం హద్దుల్లో గాలం వేయకూడదు, ఆ ఒడ్డున పిల్లల్ని నీళ్లలో కాళ్లు పెట్టనివ్వకూడదు. హుస్సేన్‌సాగర్, మూసీ అసలే వద్దు. పట్టినా తినలేరు.

ఊళ్లలో ఉన్న చెరువు ఏదీ అనాథ కాదు. చాలావాటిలో చేపలు ఆ ఊరి మత్స్యకారుల సహకార సంఘానివి. పిల్లల్ని వేసేది వాళ్లు, వల వేసేది వాళ్లు. ఊళ్లోకి వెళ్లగానే టీ కొట్టు దగ్గర సంఘం అధ్యక్షుడు ఎవరని అడగండి. ఆయనకు ఫోన్ చేసి, "అన్నా, పిల్లలతో వచ్చినం, గాలంతో రెండు గంటలు కూర్చుంటం, పట్టినవి వదిలేస్తం" అనండి. చాలాసార్లు ఒప్పుకుంటారు. కొన్నిచోట్ల వంద, రెండొందలు తీసుకుంటారు, ఇవ్వండి. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. డబ్బులు తీసుకుని గాలం వేయనిచ్చే ప్రైవేటు కుంటలు కూడా నగరం చుట్టూ ఉన్నాయి. పిల్లలతో మొదటిసారి వెళ్తే అదే సులువు, మరుగుదొడ్డి ఉంటుంది.

పిల్లలకు కొర్రమీను, కప్పలు, బాస్ రాడ్లు ఏవీ వద్దు. ఆరడుగుల వెదురు గెడ, అంతే పొడవు తీగ, చిన్న గాలం, బెండు, గోధుమపిండి ముద్ద. బెండు కోసం కొట్టుకు పోవద్దు, జొన్న దంటు లోపలి తెల్లటి బెండును అంగుళం కోసుకుంటే తేలుతుంది. ఒడ్డుకు దగ్గర్లో జిలేబీలు పది నిమిషాల్లో కొడతాయి. జిలేబీ వీపు మీద ముళ్లుంటాయి, తడిచేత్తో తల నుంచి తోకవైపు నిమురుతూ పట్టుకోవాలని ముందే చెప్పండి. తలకు టోపీ, చెరో నీళ్ల సీసా, ఒక పాత తువ్వాలు. తెగిన తీగ ముక్కలు జేబులో వేసుకుని ఇంటికి తేవాలి, కొంగల కాళ్లకు చుట్టుకుంటాయి. గెడ ఎత్తేముందు పైన కరెంటు తీగలు చూసుకోండి. కార్బన్ రాడ్‌తో అయితే ఇది మరీ ముఖ్యం, దానిలోంచి కరెంటు పారుతుంది. మబ్బు ఉరిమితే సామాను అక్కడే వదిలేసి కారులో కూర్చోండి.

ఎండ ముదరకముందే, తొమ్మిదిన్నరకల్లా బయల్దేరి వచ్చేయండి. పిల్లలు ఇంకో అయిదు నిమిషాలు అంటారు. ఇవ్వండి.